దిగని మేకు

పొద్దున్న ఎనిమిది కాకముందే ఏడో లారీ కాటా ఎక్కింది. దాని పక్కబల్ల క్యాబిన్ కిటికీకి అడ్డంగా వచ్చి నిలబడగానే లోపల చీకటి పడింది. కాటాబాబాయి కూర్చున్నచోటు నుంచి కదలకుండానే చెయ్యి చాపి లైటు వేశాడు. మీటరు మీద ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి కుదురుకున్నాయి. మీట నొక్కాడు. గరగరమంటూ బయటికొచ్చిన స్లిప్పు చింపి కిటికీ కింది సందులోంచి తోశాడు. లారీ దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ వెలుగొచ్చింది, లైటు ఆర్పాడు. ఆ క్యాబిన్‌లో రోజుకి వందసార్లు చీకటి పడుతుంది, వందసార్లు తెల్లవారుతుంది. ఆ లెక్కన ఆయన వయసెంతో తేల్చడం కష్టం. హాజరు పుస్తకం మాత్రం యాభై ఏడు అంటుంది.

కొండ మీద రాయి పగలగొట్టి కంకర చేస్తారు. కంకర లారీలు కిందికి దిగొచ్చి, నేలకి సమంగా పరిచిన పెద్ద ఇనపపలక మీద నిలబడి, తమ బరువెంతో చెప్పించుకుని పోతాయి. ఆ పలకే కాటా. దాని పక్కన గది కట్టి అందులో ఈయన్ని కూర్చోబెట్టి పదకొండేళ్ళయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. తన ఈడు డ్రైవర్లు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. మనిషి సన్నం. స్లిప్పులు తోసీ తోసీ కుడిభుజం పట్టేసింది, చెయ్యి చెవి కన్నా పైకి లేవదు. మీట నొక్కే వేలి చివర గీతలు అరిగి నున్నగా అయింది. కనుబొమల్లో కంకర దుమ్ము ఎంత కడిగినా పోదు. వాటిలో నెరిసిన వెంట్రుకలెన్నో, దుమ్ముపట్టినవెన్నో ఆయన భార్యకే తెలియాలి.

క్యాబిన్ పొడుగు మూడంగల్లో అయిపోతుంది. వెడల్పు కొలవాలంటే చేతులు చాపితే చాలు. ఇందులోంచి ఒక్కరోజు బయటపడాలంటే బదులు మనిషి రావాలి. బదులు మనిషి కోసం ఆఫీసుకి అర్జీ పెట్టాలి. పదకొండేళ్ళలో పద్నాలుగు అర్జీలు పెట్టాడు. చూస్తాం అన్నారు, పాపం ఇంకా చూస్తూనే ఉన్నారు. కాటా ఆగితే కొండ ఆగిపోతుందట. అంత ముఖ్యమైన మనిషికి ఏదో ఒక మర్యాద చెయ్యాలి కదా అని, కాటాకి అటువైపు నలభై అంగల దూరంలో ఒక గదీ వంటిల్లూ ఇచ్చారు. పొద్దస్తమానం కిటికీలోంచి తన ఇంటి గోడ, తన ఇంటి కిటికీ కనిపిస్తూనే ఉంటాయి. లారీ వచ్చి అడ్డం నిలబడితే కనిపించవు.

ఆ ఇంటి కిటికీ వెనక మూడేళ్ళుగా ఆయన భార్య మంచం మీద ఉంది.

మూడేళ్ళ కిందట ఒక వానరోజు అన్నం గిన్నె పట్టుకుని వస్తూ, క్యాబిన్ ఇనపమెట్ల మీద జారి వెల్లకిలా పడింది. అప్పుడు కాటా మీద లారీ ఉంది. కేక ఆయనకి వినపడింది. విని, మీట నొక్కి, స్లిప్పు చింపి డ్రైవరు చేతికిచ్చి, అప్పుడు దిగాడు. మొత్తం అరనిమిషం. అరనిమిషం ముందు దిగినా విరిగిన వెన్ను అతికేది కాదని డాక్టరు చెప్పాడు. ఆమె కూడా చెప్పింది, ఒకసారి కాదు, వందసార్లు. అయినా ఆ అరనిమిషం ఆయన్ని వదిలిపెట్టలేదు. అన్నం తింటుంటే గుర్తొచ్చేది, చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే గుర్తొచ్చేది.

ఆమెకి నడుం కింద ఏమీ కదలదు. చేతులూ నోరూ మాత్రం దివ్యంగా పనిచేస్తాయి, అందులో నోరు మరీ. ఒకరోజు పాలల్లో నానబెట్టిన రొట్టె తినిపిస్తుంటే మధ్యలో ఆపి అంది.

"ఆ కిటికీలో రోజంతా ఏమీ ఉండదయ్యా. ఒక్క కాకైనా పోదు."

"కొండ మోతకి పారిపోయుంటాయి."

"వాటికైనా బుద్ధుంది."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది, ఆయనా నవ్వాడు. కానీ మర్నాడు కాటాకి కొత్త మీటరు వచ్చిన పెట్టెలోంచి తెల్లటి థర్మోకోల్ పలకలు తీసి దాచాడు. ఆవరణ ఊడ్చే ఆమెని అందరూ చీపురక్క అంటారు. పొద్దున పదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి వచ్చి మంచంమీది మనిషికి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చేది ఆమే. ఆమె చీపురులోంచి నాలుగు పుల్లలు అడిగి తీసుకున్నాడు. తరవాత అడక్కుండా తీసుకున్నాడు. అలా మొదలైంది విమానాల పని. మూరెడు పొడుగు విమానం, ఒక రెక్కకి స్లిప్పుల మీద ముద్ర వేసే ఎర్రసిరా, ఇంకోదానికి నీలం. కొండ మీద మందుపెట్టి పేల్చే వేళ, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా దారి మూసేస్తారు, లారీలు రావు. ఆ గంటే ఆయన సొంతం.

విసిరితే విమానం గుమ్మం ఎత్తు కూడా లేవలేదు. చెవి దాటి లేవని చెయ్యి విమానాన్ని మాత్రం ఎంత ఎత్తుకి పంపుతుంది? అందుకని ఎగరేసే బల్ల ఒకటి చేశాడు. ఏటవాలుగా రెండు గొట్టాలు, వాటి మీద జారే చిన్న చెక్క, ముందు కొస నుంచి దాన్ని లాగే లారీ ట్యూబు పట్టీలు. చెక్కని వెనక్కి లాగి ఒక చీల అడ్డం పెడితే రబ్బరు సాగి ఆగుతుంది. చీల తీస్తే చెక్క దూసుకుపోయి, విమానాన్ని పైకి వదిలి, తను ముందుకొసన ఠప్పున ఆగుతుంది. ఆమె దానికి ఉండేలు అని పేరు పెట్టింది.

"ఇంత వయసొచ్చి ఉండేలు పట్టుకు తిరుగుతున్నావు. ఆఫీసువాళ్ళు చూస్తే నీ అర్జీలు ఎందుకు పక్కన పడేశారో వాళ్ళకే అర్థమవుతుంది," అంది.

చిక్కల్లా నేలతో వచ్చింది. బల్ల కాళ్ళు నేలకి బిగించకపోతే రబ్బరు విసురుకి వెనక్కి జారుతుంది, చెక్క ఆగే కుదుపుకి వెనక కాళ్ళు పైకి లేస్తాయి. మట్టినేలయితే నాలుగు మేకులు దిగగొట్టి ఊరుకోవచ్చు. ఆ ఆవరణ అంతా కాంక్రీటు, లారీలు తిరిగే నేల. మొదటిరోజు జానెడు పొడుగు ఇనపమేకు పెట్టి సుత్తితో కొట్టాడు. మేకు దిగలేదు, దాని తల మాత్రం కొక్కెంలా వంగింది. అప్పుడే అటుగా వచ్చిన ఇంజనీరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నేలలో చిల్లి పడితే నీళ్ళు కాటా కింది గోతిలోకి దిగుతాయట, తూకం చెడుతుందట. ఈ కాంపౌండులో మేకన్నది కనపడకూడదన్నాడు. కాటాబాబాయి మేకు జేబులో వేసుకుని తలూపాడు. తలూపడం ఆయనకి బాగా అలవాటైన పని.

మేకు లేకపోతే బరువు. బరువు సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా? బల్ల వెనక కాళ్ళ మీద ఒక పలక బిగించి తనే ఎక్కి నిలబడ్డాడు. వంగి చీల లాగాడు. బల్ల కదల్లేదు, విమానం పైకి లేచింది. అయితే తల దించుకుని వంగి నిలబడ్డవాడు లేచి చూసేసరికి విమానం ఎక్కడో ఉండేది. అది కిటికీ ముందు నుంచి పోయిందో లేదో ఆయన ఒక్కసారీ చూడలేదు. పరిగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళి, చూశావా అని అడిగేవాడు. చూశాననేది ఆమె. ఎలా పోయిందో చెప్పేది కూడా. మూడువారాలు ఇలాగే గడిచాయి.

ఆయనకి ఇంకేం కోరికలు లేవని కాదు, ఉన్నవి ఎప్పుడో ఎండిపోయాయి. ఇదొక్కటి మాత్రం పట్టుకుంది. ఆమె పక్కన కూర్చుని, ఆమెతోపాటు, ఆ కిటికీలో విమానం పోవడం చూడాలి. వారం నుంచి ఆమెకి ఆయాసం ఎక్కువైంది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి వెతుక్కుంటోంది. డాక్టరు వచ్చి చూసి, రేపు పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందే అన్నాడు. బదులు మనిషి దొరకలేదు కనక, రేపు ఆమె వెంట బండిలో చీపురక్క వెళ్తుంది. అక్కడి వార్డులో కిటికీ ఉంటుందో ఉండదో. ఉన్నా దాని ముందు ఈయన ఉండడు. అందుకే ఈరోజే జరగాలి.

గదిలోంచి తాడుతో చీల లాగాలంటే పలక మీద తనకి బదులు, తనంత బరువు ఉండాలి. ఆఫీసు బదులు మనిషిని ఇవ్వకపోయినా ఆయనే ఒకణ్ణి తయారుచేసుకున్నాడు. కాటా సరిగా ఉందో లేదో చూడ్డానికి వాడి, అంచులు అరిగాయని మూల పడేసిన ఇరవైకిలోల ఇనపగుండ్లు మూడు ఉన్నాయి. తన బరువెంతో తెలుసుకుందామని నిన్న కాటా ఎక్కాడు. అరవై అని చూపించింది. దానికి ఇరవై కిలోలకోసారి తప్ప అంకె మారదు, మధ్యలో ఉన్నది ఎంతైనా దానికి లెక్కలోకి రాదు. కొండంత లారీల గుట్టు విప్పే కాటాకి తన మనిషి బరువు తెలియకపోవడం చూసి ఆయనకి నవ్వొచ్చింది, కాస్త కష్టంగా కూడా అనిపించింది. చివరికి ఒక గొట్టం మీద వేరే బల్ల అడ్డంగా వేసి, ఒక కొసన మూడు గుండ్లూ పెట్టి, రెండో కొసన తను నిలబడ్డాడు. చీపురక్క గుండ్ల పక్కనున్న డబ్బాలో పిడికెడు పిడికెడు కంకర పోసింది. పోయగా పోయగా రెండు కొసలూ సమానమయ్యాయి.

ఆ సంగతి విని భార్య ఆయాసపడుతూనే నవ్వింది.

"అయితే నువ్వు మూడు గుండ్లూ డబ్బాడు కంకరా అన్నమాట. ఇన్నేళ్ళూ ఇంకా ఎక్కువే అనుకున్నానయ్యా."

*

పన్నెండింటికి సైరన్ మోగింది. లారీలు కొండ కిందే ఆగిపోయాయి. కాటాబాబాయి మెట్లు దిగి, తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళాడు. గుండ్లూ డబ్బా పలక మీద సర్దాడు. కాళ్ళు కదిలితే తెలియాలని చుట్టూ సుద్దగీత గీశాడు. చెక్కని వెనక్కి లాగి చీల పెట్టాడు. ఆ చీల ఇంకేదో కాదు, నేలలో దిగనన్న మేకే. వంగిపోయిన తల తాడు కట్టడానికి చక్కగా కుదిరింది. విమానం పెట్టి, తాడు విప్పుకుంటూ గదిలోకి వచ్చాడు.

ఆమె రెండు దిళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. పెదాలు కాస్త నీలంగా ఉన్నాయి. ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన తల కూడా ఆ దిండు మీదే ఆనించాడు.

"ఏంటిది, కొత్త పెళ్ళికొడుకులా," అందామె.

"ఊరుకో. కిటికీకేసి చూడు."

తాడు లాగాడు. బయట ఠప్పుమంది. ఆయన కన్ను ఆర్పకుండా చూశాడు. కిటికీలో ఆకాశం ముక్క, కింద కిటికీ గట్టు అంచు, అంతే. ఎక్కడో దూరంగా విమానం కాంక్రీటు మీద గీసుకుంటూ ఆగిన చప్పుడు వినిపించింది.

"చూశావా?" అందామె, ఆయన అడగాల్సిన మాట తనే.

"ఏం చూడను? ఏమీ రాలేదుగా."

"వచ్చింది. నువ్వు రెప్ప వేశావు."

"నేను వెయ్యలేదు."

ఆయన తల ఎత్తకుండా ఇంకాసేపు కిటికీకేసే చూశాడు. నిలబడి చూస్తే ఆ కిటికీలో ఆవరణంతా కనిపిస్తుంది. ఆయన ఎప్పుడూ నిలబడే చూశాడు. దిండు మీంచి చూస్తే గట్టు పైన ఆకాశం తప్ప మరేం లేదు. విమానం ఆ గట్టుకి కిందుగానే పోతోంది.

"ఎన్నిసార్లు చూశావు నువ్వు?" అన్నాడు.

"నువ్వు ఎగరేసినన్ని సార్లు."

"నిజం చెప్పు."

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒక్కసారీ లేదయ్యా."

"మరి ఎర్రరెక్క వాలుతోందన్నావు? నువ్వు చెప్పావనేగా దాని కొస కోశాను!"

"కోశాక బాగా ఎగిరిందని కూడా చెప్పానుగా."

ఆయనకి ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. ఈ రెండింటికన్నా ఎక్కువగా సిగ్గేసింది. వచ్చిన ప్రతి లారీకీ ఖాళీ బరువు వేరు, లోడు బరువు వేరు తూచే మనిషి, మూడువారాలు ఆమె నోటిమాట నమ్మి ఊరుకున్నాడు. ఒక్కసారి ఈ దిండు మీద తల పెట్టి చూసుకోలేదు. మూడేళ్ళుగా ఆమె చూస్తున్నది ఏమిటో తనకి తెలియదు.

"చప్పుడు వినపడేది," అందామె మెల్లగా. "వెంటనే నీ పరుగు వినపడేది. ఆ మొహం వేసుకుని వచ్చి చూశావా అంటే... లేదని ఎలా చెప్పను?"

ఆయన లేచి మొహం అటు తిప్పుకున్నాడు. గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

"చీపురక్కా!" అని గుమ్మంలోంచి కేక పెట్టాడు.

షెడ్డు నీడలో కునుకు తీస్తున్న చీపురక్క తిట్టుకుంటూ వచ్చింది. ఆమెని దిండు దగ్గర తాడు కొస పట్టుకోమన్నాడు. రెండో కొస కిటికీలోంచి బయటికి తీసి, పొడుగు చీపురుకర్రకి కట్టి, గట్టు అంచుని ఆనుకుంటూ తాడు బిగువుగా ఉండేలా పైకెత్తుకుని ఆవరణలో నడిచాడు. దూరం వెళ్ళేకొద్దీ కర్ర ఇంకా ఇంకా ఎత్తాల్సి వచ్చింది. బల్ల ఉన్నచోటికి చేరేసరికి కర్ర చాలలేదు. వెనక్కి నడిచాడు. గోడకి నాలుగంగల దూరంలో తాడు తన తలకి కాస్త పైగా ఉంది. ఆ తాడు కన్నా పైనుంచి పోయిందే ఆమె కంటికి కనపడుతుంది. దూరం పోయి ఎత్తుకి ఎగరేసే కన్నా, దగ్గరికొచ్చి ఎగరేస్తే సరి. ఇంత చిన్న సంగతి.

"ఇంకా ఎంతసేపు పట్టుకోవాలి? నా పుల్లలన్నీ విమానాలైపోయాయి, ఇప్పుడు కర్ర కూడానా?" అని లోపలి నుంచి చీపురక్క అరిచింది.

బల్లని ఇద్దరూ కలిసి గోడ పక్కకి మోశారు. విమానం గోడ వెంటే, కిటికీ ముందుగా, పైకి లేస్తూ పోయేలా తిప్పి పెట్టారు. గుండ్లు ఒక్కొక్కటీ ఆయనే మోశాడు. మూడోది దించేసరికి భుజంలో ప్రాణం పోయినంత పనైంది. డబ్బా పెట్టాడు. మళ్ళీ సుద్దగీత. రబ్బరు ఇంకో బెత్తెడు ఎక్కువ లాగి, మళ్ళీ తాడు కట్టిన మేకు అడ్డం పెట్టాడు. దూరంగా పడి ఉన్న విమానాన్ని తెచ్చి, ముక్కు సరిచేసి చెక్క మీద కూర్చోబెట్టాడు.

తాడు కొస కిటికీలోంచి లోపలికి వేసి గదిలోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంట సైరన్ కూసింది. ఆ వెంటనే కొండ కింది నుంచి హారన్లు. మొదటి లారీ అప్పుడే మలుపు తిరుగుతోంది.

"లాగెయ్యనా?" అంటూ మంచం దగ్గర కూలబడబోయాడు. హారన్ ఆపకుండా మోగుతోంది. కంగారులో, పరుగు మధ్యలో చూసేది కాదు ఇది. మూడువారాలు ఆ తొందరతోనే పాడుచేశాడు. తాడు కొస ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మడిచాడు.

"జానెడు లాగితే చాలు, మేకు ఊడొస్తుంది. సాయంత్రం దాకా ఆగితే నేనూ వస్తాను. ఆగలేకపోతే లాగెయ్."

"నా చేతికి ఒక పని అప్పజెప్పి మూడేళ్ళయింది," అందామె. "ఆగుతానో లాగుతానో నా ఇష్టం."

"ఈసారైనా నిజం చెప్పాలి."

"అబద్ధం చెప్పే ఓపిక నాకెక్కడుందయ్యా. వెళ్ళు, నీ లారీలు ఏడుస్తున్నాయి."

గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాడు. ఆమె ఆయనకేసి చూడటం లేదు. తాడు పట్టుకున్న చెయ్యి గుండెల మీద పెట్టుకుని కిటికీకేసి చూస్తోంది.

*

మధ్యాహ్నం లారీలు వరసగా వచ్చాయి. చీకటి, వెలుగు, చీకటి, వెలుగు. వెలుగొచ్చినప్పుడల్లా ఆయన కాటా మీదుగా గోడవైపు చూసేవాడు. విమానం బల్ల మీదే ఉండేది, ఎర్రరెక్క ఎండలో మెరుస్తూ. ఆగుతోంది అనుకున్నాడు. తన కోసం ఆగుతోందని సంతోషం, ఎందుకు ఆగాలి అని కోపం. నిద్రపోయిందేమో అనుకున్నాడు. నిద్రలో చెయ్యి లాగితే వృథా పోతుందేమోనని భయపడ్డాడు. ఒక మనిషి ఇన్ని రకాలుగా ఆలోచిస్తూ కూడా ఒక్క స్లిప్పూ తప్పు కొట్టలేదు.

మూడు దాటాక తొందరాయన లారీ ఎక్కింది. ఏ పనికీ వేళ లేనట్టు పరుగులు పెడతాడు కనక డ్రైవర్లలో ఆయనకి ఆ పేరు. ఆరోజు మాత్రం తొందర లేకుండా తగువు పెట్టుకున్నాడు. పొద్దుటికీ ఇప్పటికీ ఖాళీ బరువు నలభై కిలోలు ఎలా పెరిగిందని.

"బాబాయ్, నేనేమైనా మధ్యాహ్నం బండరాయి మింగానా?"

"వెనక చక్రాలకి పట్టిన బురద చూసుకో. దిగి చూసుకో ముందు."

"బురద నలభై కిలోలా?"

ఆ వాదనలో పది నిమిషాలు కిటికీ చీకటిగానే ఉంది. చివరికి తొందరాయన దిగి చక్రాల దగ్గర కూర్చుని బురద గీకడం మొదలుపెట్టాడు. మళ్ళీ తూచితే అంకె ఇరవై తగ్గింది. ఆ మాత్రానికే గెలిచినట్టు వెళ్ళిపోయాడు.

వెలుగొచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

కాటాబాబాయి కుర్చీలోంచి లేచి, గాజుకి మొహం ఆనించాడు. చెక్క ముందుకొసన ఉంది. రబ్బరు వదులుగా వేలాడుతోంది. గోడ చివర, కిటికీ దాటి చాలా దూరంలో, విమానం నేలమీద వాలి ఉంది. గోడ వెంటే పోయింది, కిటికీ ముందు నుంచే పోయింది, అది తప్ప దానికి వేరే దారి లేదు. అంత దూరం నుంచి కూడా గుండ్లు సుద్దగీతలోనే ఉన్నట్టు తెలుస్తోంది. తను లేకుండానే బల్ల నిలబడింది.

"లాగింది!" అన్నాడు పైకే. క్యాబిన్‌లో వినేవాళ్ళు ఎవరూ లేరు. దిగి పరిగెడదామనుకునేలోగా తరవాతి లారీ వచ్చి అడ్డం నిలబడింది.

ఆ తరవాత ముప్పావుగంట ఆయన ఎన్నడూ లేనంత హుషారుగా పనిచేశాడు. స్లిప్పు తోస్తూ డ్రైవర్లని పలకరించాడు. ఒకతన్ని ఇంట్లో అంతా బాగున్నారా అని అడిగితే అతను అనుమానంగా చూసి వెళ్ళాడు. ఆమెని ఎలా పరీక్ష చెయ్యాలో ఆలోచించి పెట్టుకున్నాడు. కిటికీవైపు రెక్క ఎరుపా, నీలమా? చూసినవాళ్ళకి తప్ప తెలియదు. ఎరుపంటే అబద్ధం. నీలమంటే చూసినట్టు. ఎలా ఉంది, ఎంతసేపు కనపడింది, అన్నీ తరవాత. ముందు రంగు అడగాలి. ఆమె కచ్చితంగా ముందు కాసేపు ఏడిపిస్తుంది, రెండు రెక్కలూ ఆకుపచ్చే అంటుంది.

నాలుగింటికి చీపురక్క బకెట్టు పట్టుకుని గదిలోకి వెళ్ళడం రెండు లారీల మధ్య కనిపించింది. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఆమె బయటికొచ్చింది. బకెట్టు చేతిలో లేదు. ఆవరణ దాటి, ఆగి ఉన్న లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, క్యాబిన్ మెట్ల కింద నిలబడింది. ఇంకో లారీ కాటా ఎక్కింది. మళ్ళీ చీకటి పడింది.

"బాబాయ్," అంది. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి. "ఈ లారీ దించాక... ఒకసారి రా. తొందరేం లేదు."

ఆయన చెయ్యి మీట మీద ఉంది. అంకెలు కుదురుకుంటున్నాయి. ఆమె మొహంకేసి చూశాడు. తొందరేం లేదన్న మాట ఆయన చెవిలో ఆగి, నెమ్మదిగా లోపలికి దిగింది. వారం నుంచి ఆ గదిలోంచి ఎవరు పిలిచినా తొందరగా రమ్మనే పిలిచారు.

ఆయన మీట నొక్కలేదు. కుర్చీ వెనక్కి తోసి, మెట్లు దిగాడు. కాటా మీద లోడు లారీ అలాగే ఉండిపోయింది. మీటరులో అంకెలు వెలుగుతూ ఉన్నాయి. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, తల బయటికి పెట్టి చూశాడు, ఇంజన్ ఆపేశాడు.

నలభై అంగలు. బల్ల పక్కనుంచి వెళ్ళాడు. సుద్దగీత ఎక్కడా చెరగలేదు.

గదిలో ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. ఆమె దిళ్ళ మీద అలాగే ఉంది, తల కాస్త కిటికీవైపు ఒరిగి. ఆయాసం లేదు. కనురెప్పలు మూసి ఉన్నాయి.

"తెరిచే ఉన్నాయి బాబాయ్, కిటికీకేసి," అంది చీపురక్క వెనక నుంచి. "నేనే మూశాను." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం కూర్చున్నచోటే. అడగాల్సిన ప్రశ్న నోటి దాకా వచ్చి ఉంది. ఆమె నవ్వుతున్నట్టు ఉందనుకోవడానికి లేదు, చనిపోయినవాళ్ళ మొహాలు అందరివీ అలాగే ఉంటాయి. ఆయన ఏడిచాడు, బిగ్గరగానే ఏడిచాడు. ఎరుపా నీలమా అని అడిగాడు కూడా, చీపురక్కకి ఏమీ అర్థం కాలేదు.

కళ్ళు తుడుచుకున్నాక తాడు చూశాడు. జానెడు లాగితే చాలన్నాడు. గదిలోకి జానెడు తాడు రాలేదు, మొత్తం తాడు వచ్చింది. విమానం పోయాక కూడా ఆమె ఆపలేదు. ఉన్న ఊపిరంతా పెట్టి, చెయ్యి మార్చి చెయ్యి, మూర వెంట మూర, గట్టు మీంచి లోపలికి లాక్కుంది. తాడు పొత్తికడుపు మీద, దుప్పటి మీద చిందరవందరగా కుప్ప పడి ఉంది. దాని చివర, ఆమె గుప్పిట్లో, మళ్ళీ పెట్టి ఇమ్మని ఆయన కోసం సిద్ధంగా పట్టుకున్నట్టు, తల వంగిన ఇనపమేకు.